వాళ్లకి దొరకని నోరు

మా సార్ పోయారు. శనివారం పొద్దున్న ఇండియన్ గ్రోసరీ ముందు కార్ పార్క్ చేస్తుంటే ఆయన భార్య, మా ఆంటీ, ఫోన్ చేశారు. "మీ సార్ ఇంక లేరు నాయనా. ఒకసారి ఇంటికి రా" అన్నారు, అంతే. గుండె జబ్బుతో హాస్పిటల్‌కి వెళ్లడం, కొన్నాళ్లుండి విసుక్కుంటూ తిరిగి రావడం ఆయనకి మామూలైపోయింది. ఈసారీ అలాగే వస్తారని, కాస్త అల్లం, పచ్చిమిరపకాయలు కొని వాళ్లింట్లో ఇచ్చి వెళ్దామనుకుంటున్నాను. ఏమీ కొనకుండానే కారు వెనక్కి తిప్పాను.

సార్ తెలుగువారు కాదు. నైజీరియా ఆయనది. ఇక్కడ అమెరికాలో, క్యారీ అనే ఊరి దగ్గర ఒక కమ్యూనిటీ కాలేజీలో రాజకీయ శాస్త్రం చెప్పేవారు. నేను ఆయన క్లాసులో ఏ రోజూ కూర్చోలేదు. మాస్టర్స్‌కి వచ్చిన కొత్తలో నేనూ నా క్లాస్‌మేట్ ఒకడూ ఆయన ఇంట్లో మేడ మీద గది అద్దెకి తీసుకున్నాం. పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవడం మాకు చేతకాక సార్, ఆంటీ అన్నాం. వాళ్లకీ అది వింతగా అనిపించలేదు, వాళ్ల దేశంలోనూ పెద్దవాళ్లని పేరుతో పిలవరట. చదువయింది, ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. ఇల్లు కొనుక్కునేటప్పుడు మాత్రం ఆ వీధి దాటి వెళ్లలేకపోయాను.

పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు. సార్‌కి ఆ నియమం నచ్చేది కాదు. "మా దేశంలో దొంగలందరూ ఆ నియమాన్ని నమ్ముకునే చస్తారు" అనేవారు. అందుకని ముందే చెబుతున్నాను. ఆయన శాంతమూర్తి కాదు, అజాతశత్రువు అంతకన్నా కాదు. ఈసడించుకోవడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. పార్టీలకి పిలిస్తే కూతురే భయపడేది, నాన్న ఎవరిని ఏమంటాడో అని. కానీ ఆ ఈసడింపు నీడలో నేను పెరిగినంతగా ఇంకెవరి ప్రేమ నీడలోనూ పెరగలేదు.

ఆదివారం పొద్దున్నే చొక్కాలు ఇస్త్రీ చేసుకునేవారు. అన్నీ తెల్లవే. ఇస్త్రీ బల్ల చివర టాబ్లెట్ నిలబెట్టి వాళ్ల ఊరి వార్తలు పెట్టుకునేవారు. నేను కాఫీ కప్పుతో వంటింట్లోకి దిగేసరికి సంభాషణ మంచి పాకాన ఉండేది. టాబ్లెట్‌లో మంత్రి మాట్లాడుతుంటే సార్ ఇస్త్రీపెట్టెతో మాట్లాడేవారు.

"చూడు, మళ్లీ శంకుస్థాపన. ఆ ఊరికి నా చిన్నప్పటినుంచీ రోడ్డు లేదు. ఇన్నేళ్లు వేసిన శంకుస్థాపన రాళ్లు వరసగా పేర్చుకుంటే ఈపాటికి రోడ్డు అయిపోయేది."

నవ్వితే నావైపు తిరిగేవారు. "నువ్వెందుకు నవ్వుతున్నావు? మీ ఊరి రాళ్లు గుర్తొచ్చాయా?"

నిజంగా గుర్తొచ్చేవి. ఆ వీడియోల్లో భాష వేరు, బట్టలు వేరు, మిగతాదంతా మా జిల్లానే. ముందు సైరన్, వెనక కార్లు, కారు దిగకముందే వంగే నడుములు. నాయకుడి కన్నా వెనక నిలబడి తలలూపేవాళ్లని సార్ జూమ్ చేసి మరీ చూసేవారు. "దొంగ దొంగతనం చేస్తాడు, అది వాడి వృత్తి. ఆ చప్పట్లు కొడుతున్నవాణ్ణి చూడు. వాడి పిల్లలు చదివే బడికి కప్పు లేదు. అయినా అరచేతులు ఎర్రబడేలా కొడుతున్నాడు. నాకు ఒళ్లు మండేది వాణ్ణి చూస్తేనే."

మా చదువు చివరికొచ్చేసరికి నా క్లాస్‌మేట్‌కి ఒక కన్సల్టెన్సీ తగిలింది. చెయ్యని ఉద్యోగం చేసినట్టు రెజ్యూమె తయారుచేసి పెట్టారు. ఎవరైనా ఫోన్ చేసి అడిగితే అవునని చెప్పే మనిషి ఒకరు కావాలి. వాడు సార్ దగ్గరికి వెళ్లాడు. నేను మెట్ల మీద ఆగాను.

"సార్, మీకొక కాల్ వస్తుంది. నేను మీ దగ్గర రీసెర్చ్ ప్రాజెక్ట్‌లో పనిచేశానని చెబితే చాలు."

"పనిచేశావా?"

"లేదు సార్. జస్ట్ ఫార్మాలిటీ. అందరూ చేస్తారు."

"అందరూ అంటే ఎవరు? పేర్లు చెప్పు."

వాడు నవ్వాడు. సార్ నవ్వలేదు, నిజంగానే పేర్ల కోసం ఎదురుచూశారు. ఒక్క పేరూ రాకపోయేసరికి ఆయనే అన్నారు. "ఆకలేస్తే చెప్పు, ఆంటీ అన్నం పెడుతుంది. అద్దె కట్టలేకపోతే చెప్పు, ఆగుతాను. నా నోరు మాత్రం అడక్కు. ఈ ఇంట్లో గదులు అద్దెకిస్తాం గానీ నోరు ఇవ్వం."

వాడు ఆ నెలాఖరుకి గది ఖాళీ చేశాడు. "ఆఫ్రికా నుంచొచ్చి మనకి నీతులు చెబుతున్నాడ్రా" అంటూ సూట్‌కేస్ దించాడు. కావలసిన నోరు ఇంకెక్కడో దొరికింది, ఉద్యోగమూ దొరికింది. ఇప్పుడు వాడు మా ఏరియా తెలుగువాళ్లలో పెద్దమనిషి, ఏ ఫంక్షన్ అయినా స్టేజి మీద వాడే ఉంటాడు.

వాడు వెళ్లిన రోజు నేను ఆంటీతో అన్నాను, సార్ మరీ అంత కటువుగా చెప్పకుండా ఉండాల్సింది అని. ఆంటీ పొయ్యి మీద టమాటా అన్నంలాంటి వాళ్ల జొలోఫ్ కలుపుతున్నారు. మంట తగ్గించి, ఒక కుర్చీ నాకు చూపించి, తనూ కూర్చున్నారు.

వాళ్ల దేశంలో ఎన్నికల ఫలితాలు ప్రకటించే పని యూనివర్సిటీ లెక్చరర్లకి అప్పజెబుతారట. ఒకసారి ఆ పని సార్‌కి పడింది. పోటీలో ఒకవైపు, చీఫ్ అని అందరూ పిలిచే ధనవంతుడు. ఇంకోవైపు ఒక బడిపంతులు. ఓట్ల లెక్కింపు ముందురోజు చీఫ్ మనుషులు వీళ్లింటికి బియ్యం బస్తాలూ ఒక మేకా తెచ్చి దించారు. సార్ ఇంట్లో లేరు. ఆంటీ బియ్యం వెనక్కి ఎత్తించారు. మేకని ఎక్కించుకోవడానికి మాత్రం వాళ్లు ఒప్పుకోలేదు, ఇది చీఫ్ గారు స్వయంగా ఎంచి పంపింది, వెనక్కి తీసుకెళ్తే మా ప్రాణం పోతుందన్నారు. ఆంటీ ఆ మేకని తాడుతో లాక్కుంటూ ఊరు మధ్యలోంచి నడిచి చీఫ్ ఇంటి గేటుకి కట్టేసి వచ్చారు. "దారి పొడుగునా అది అరుస్తూనే ఉంది. జనం తలుపులు తీసి చూశారు. ఒక్కరైనా 'ఎక్కడికమ్మా' అని అడగలేదు. అందరికీ తెలుసు" అన్నారు.

మర్నాడు లెక్కింపు హాల్లో పంతులు గెలిచాడని తేలింది. సార్ చేతిలో ఆ అంకెలున్న కాగితం ఉంది. పోలీసు అధికారి ఒకతను వచ్చి ఇంకో కాగితం బల్ల మీద పెట్టాడు. అతను ఒకప్పుడు సార్ స్టూడెంటే. "సార్, ఇది చదివి సంతకం పెట్టి ఇంటికి వెళ్లండి. దయచేసి, సార్. నాకూ పిల్లలున్నారు" అన్నాడట, బతిమాలుతున్నట్టే. తుపాకీ భుజాన ఉంది. సార్ మైకు దగ్గరికి వెళ్లి అసలు ఫలితం చదివారు. సగంలో కరెంటు తీసేశారు. మైకు చచ్చిపోయింది. వెనక బెంచీలో కూర్చున్నవాడికి వినపడేలా, క్లాసులో చెప్పినట్టు, మొదటినుంచీ మళ్లీ చదివారు.

"తర్వాత?" అన్నాను.

"తర్వాత ఏముంది? రాజధాని నుంచి వేరే ఫలితం ప్రకటించారు. చీఫ్ ప్రమాణస్వీకారం చేశాడు. పంతులు కోర్టుకి వెళ్తే ఆ కేసు తేలేలోపు పదవీకాలమే అయిపోయింది. మీ సార్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు."

తీసేస్తూ యూనివర్సిటీ పెట్టిన కారణం దుష్ప్రవర్తన. దాని మీద సంతకం పెట్టింది ఆయన డిపార్ట్‌మెంట్ పెద్ద, ఆంటీ చేతి వంట ఎన్నోసార్లు తిన్నవాడు. తోటి లెక్చరర్లు ఎదురుపడితే రోడ్డుకి అటువైపు తప్పుకునేవారట. ఒకాయన మాత్రం ఇంటికొచ్చి, గొంతు తగ్గించి, "మీరు చేసింది గొప్ప పని" అన్నాడట. సార్ తలుపు పూర్తిగా తెరిచి, "ఏమన్నారు? వీధిలోకి వినపడేలా చెప్పండి" అన్నారట. వచ్చినాయన చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వెళ్లిపోయాడు. ఒక రాత్రి వీళ్ల కారు కాలిపోయింది. ఆ తర్వాత ఇక్కడికొచ్చారు. ఇక్కడ మొదట పార్కింగ్ లాట్‌కి కాపలా కాశారు, తర్వాత కాలేజీలో గంటల లెక్కన పాఠాలు దొరికాయి.

చాలాకాలానికి ఒకసారి ధైర్యం చేసి సార్‌నే అడిగాను. అంతా చేసి చివరికి ఫలితం మారలేదు కదా, బాధగా ఉండదా అని. ఆయన కాలర్ మీద ఇస్త్రీ నొక్కుతూ చెప్పారు. "మారలేదు. కానీ వాడు గెలిచానని చెప్పించుకోవడానికి నా నోరు వాడుకోలేకపోయాడు. ఇంకో నోరు వెతుక్కోవాల్సొచ్చింది. చిన్న విషయమే. చిన్న విషయాలే మన చేతిలో ఉంటాయి."

ఇక్కడి పౌరసత్వం వచ్చాక ప్రతి ఎన్నికకీ పోలింగ్ దగ్గర పనికి వెళ్లేవారు. స్కూలు జిమ్‌లో తెల్ల చొక్కా, టై కట్టుకుని ఓటేసినవాళ్లకి 'నేను ఓటేశాను' అని రాసున్న స్టిక్కర్ ఇస్తూ నిలబడేవారు. "అదే ఉద్యోగం. అక్కడ తుపాకీ చూపించారు, ఇక్కడ స్టిక్కర్లు ఇచ్చారు" అనేవారు. అలాగని ఇక్కడివాళ్లని వదిలేవారు కాదు. క్యూ పొడుగ్గా ఉందని కారు దిగకుండానే తిరిగి వెళ్లిపోయేవాళ్లని చూసి పళ్లు కొరికేవారు. "మా ఆడవాళ్లు పిల్లల్ని వీపున కట్టుకుని ఎండలో నిలబడతారు. వాళ్ల ఓటు దొంగిలించడానికి పోలీసులు, గూండాలు ఇంతమంది కావాలి. వీళ్లది దొంగిలించక్కర్లేదు. వీళ్లే పారేసుకుంటారు."

ఒకసారి మా వైపు ఎమ్మెల్యే ఒకాయన అమెరికా టూర్‌కి వస్తే ఇక్కడ బాంక్వెట్ హాల్లో సన్మానం చేశారు. ఏర్పాట్లన్నీ నా పాత క్లాస్‌మేట్‌వే. సార్ మా భోజనం ఇష్టపడతారని ఆయన్నీ ఆంటీనీ తీసుకెళ్లాను. గజమాల వేశారు, కిరీటం పెట్టారు. పెద్ద పెద్ద కంపెనీల్లో డైరెక్టర్లుగా ఉన్నవాళ్లు ఈలలు వేశారు. కాళ్లకి దండం పెట్టడానికి లైన్ కట్టారు. సార్ గోంగూర మటన్ తింటూ మా టేబుల్ దగ్గర కూర్చున్న కుర్రాణ్ణి అడిగారు.

"ఈయన ఏం చేశాడు?"

"పెద్ద లీడర్ సార్. కింద నుంచి పైకొచ్చారు. ఇసుక బిజినెస్ చేసి బాగా సంపాదించారు."

"ఇసుక ఎక్కడిది?"

"మా ఊరి ఏట్లోది సార్."

"ఏరు ఆయనదా?"

ఆ కుర్రాడు నావైపు చూశాడు. నేను ప్లేటువైపు చూశాను. సార్ ఇంకో ముక్క నోట్లో పెట్టుకుని తీరిగ్గా నమిలి అన్నారు. "మా దగ్గర ఇలాంటివాడి మీద కరెన్సీ నోట్లు చల్లుతారు. మీరు పూలు చల్లుతున్నారు. మీరు మాకన్నా కొంచెం నాగరికులు." తర్వాత నాతో, తెలుగువాళ్లెవరికీ వినపడకుండా కాదు, వినపడేలాగే, "అక్కడ పొట్టకూటి కోసం చప్పట్లు కొడతారు, అర్థం చేసుకోవచ్చు. వీళ్లకేం లోటు?" అన్నారు.

ఆయన పోయిన రెండో రోజు చీఫ్ మనిషి వచ్చాడు. అవును, అదే చీఫ్. ఇన్నేళ్లలో ఇంకా పెద్ద పదవికి వెళ్లాడు. వచ్చినతను ఇక్కడే అమెరికాలో ఉంటాడట, చీఫ్ తరఫున మంచిచెడ్డలు చూస్తాడట. మెరిసే లేసు బట్టలు, ఎర్ర టోపీ. ఆంటీ, విమానంలో ఇర్వింగ్ నుంచి వచ్చిన కూతురు, నేను హాల్లో ఉన్నాం. నేను టీ తెచ్చి పెట్టాను.

"మేడమ్, ఆయన మా నేల కన్న బిడ్డ" అని మొదలుపెట్టాడతను. "చీఫ్ గారు చాలా బాధపడుతున్నారు. విమానం ఏర్పాటు చేస్తారు. ప్రభుత్వ లాంఛనాలతో ఊళ్లోనే, ఆయన తండ్రిగారి సమాధి పక్కనే. చీఫ్ గారు స్వయంగా వచ్చి నాలుగు మాటలు మాట్లాడతారు."

"దేని గురించి?" అన్నారు ఆంటీ.

"ఆయన నిజాయితీ గురించి."

వద్దని చెప్పడం తేలిక గానీ ఆ విమానం చిన్న విషయం కాదు. వాళ్లలో మనిషి ఎక్కడ చచ్చినా సొంత ఊళ్లో, తండ్రి పక్కన పడుకోవాలి. సార్ ఏ దేవుణ్ణీ ఏదీ అడగని మనిషి, అదొక్కటే అడిగేవారు. పొద్దుటినుంచీ ఊరి నుంచి సార్ తమ్ముడు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. ఒప్పుకో వదినా, కాదంటే ఇక్కడ మేం బతకలేం అని. చీఫ్ మాట కాదని వీళ్లంతట వీళ్లు తీసుకెళ్తే ఆ ఊళ్లో గొయ్యి తవ్వడానికి కూడా ఎవరూ రారు.

"అమ్మా, నాన్న అక్కడే పడుకోవాలనుకున్నాడు కదా" అంది కూతురు మెల్లిగా.

ఆంటీ అతనివైపు తిరిగారు. "ఆ నాలుగు మాటలు లేకుండా తీసుకెళ్తారా? మామూలు మనిషిని తీసుకెళ్లినట్టు. చీఫ్ గారు రాకుండా."

ఆవిడ నిజంగా అడుగుతున్నారు. అతను సరేనంటే ఒప్పుకునేవారే.

అతను జాలిగా నవ్వాడు. "ఆయన రాకుండా ఎలా మేడమ్? టీవీ వాళ్లు వస్తారు. ఎన్నికలు కూడా దగ్గర పడుతున్నాయి, జనం చూడాలి కదా."

ఆ మాట అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. టీ కప్పు అందుకున్నాడు. ఆంటీ గొంతు పెంచలేదు.

"ఆయన బతికుండగా మీకు ఆయన నోరు కావాల్సొచ్చింది. దొరకలేదు. ఆ నోరు మూతపడ్డాక శవం కోసం వచ్చారు. అదీ దొరకదు. ఆయన ఇక్కడే పడుకుంటాడు."

"మేడమ్, రాజకీయాలు వేరు, చావు వేరు. మన సంస్కృతిలో చావు దగ్గర పగలు పెట్టుకోం."

"పగ లేదు బాబూ. పని ఉంది. మా ఆయన్ని పాతిపెట్టుకోవాలి. టీ తాగి వెళ్లండి."

సంస్కృతి. ఈ మాట వాళ్ల దగ్గరా ఉంది, మా దగ్గరా ఉంది. బతికున్నన్నాళ్లూ మనిషి గొంతు నొక్కి, పోయాక దండతో వచ్చేవాడి నోటి నుంచే ఎక్కువగా వినపడుతుంది. ఇంత సిగ్గులేనితనాన్ని ఇంత దగ్గరగా, ఇంత ఇస్త్రీ బట్టల్లో చూడటం నాకదే మొదలు.

అతని కారు వీధి మలుపు తిరిగాక ఆంటీ కూలబడిపోయారు. అప్పటిదాకా కన్నీటి చుక్క లేదు. "అడిగింది అదొక్కటే. అది కూడా చెయ్యలేకపోయాను" అని ఏడ్చారు. కూతురు ఆవిడ తల ఒళ్లో పెట్టుకుని, "నాన్న అయితే ఇంకా ముందే బయటికి పంపేవాడమ్మా, టీ కూడా ఇచ్చేవాడు కాదు" అంది. మేం సార్‌ని మెచ్చుకుంటాం గానీ, సార్ నిలబడ్డ చోటల్లా పక్కన నిలబడి మోసింది ఆవిడే. మేకని గేటుకి కట్టి వచ్చిందీ ఆవిడే. ఈసారి ఒంటరిగా మోయాల్సొచ్చింది.

సాయంత్రం నా పాత క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు. పరామర్శ అనుకున్నాను. "ఎవరో ఫారిన్ లీడర్ మనుషులు మీ వీధికొచ్చారట కదరా. ఒకసారి ఇంట్రడ్యూస్ చేయరాదూ, ఒక ఫొటో దిగుదాం" అన్నాడు. ఏమీ అనకుండా ఫోన్ పెట్టేశాను. సార్ అయితే ఏదో ఒకటి అనేవారు.

పూడ్చిపెట్టే రోజు ఆయన స్టూడెంట్లు చాలామంది వచ్చారు. నర్సులు, ట్రక్కు డ్రైవర్లు, ఒక లాయరు. పోలింగ్ దగ్గర ఆయనతో పనిచేసిన ముసలావిడ ఒకరు వాకర్‌తో వచ్చారు. ఎర్ర టోపీ మనిషీ వచ్చాడు, మూడు కాళ్ల స్టాండు మీద మనిషెత్తు పూలదండతో. ఎర్ర గులాబీలు, తెల్ల లిల్లీలు, అడ్డంగా చీఫ్ పేరు, బిరుదులన్నీ బంగారు అక్షరాలతో రాసిన సిల్కు పట్టీ. మాట్లాడటానికి ముందుకొచ్చాడు. పాస్టర్ ఆంటీవైపు చూశారు. ఆంటీ తల అడ్డంగా ఊపారు. అతను దండ పక్కన నిలబడి ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు. అదే మర్నాడు వాళ్ల వార్తల్లో వచ్చింది, చీఫ్ గారి ఘన నివాళి అని. కింద కామెంట్లలో చేతులు జోడించిన బొమ్మలు.

ఆ మర్నాడు పొద్దున్నే ఆంటీని, కూతుర్ని సమాధి దగ్గరికి తీసుకెళ్లాను. స్టాండు అక్కడే ఉంది. దాని మీద పువ్వు అన్నది ఒక్కటి లేదు. రాత్రి పక్కనున్న పైన్ చెట్లలోంచి జింకలొచ్చి గులాబీలు, లిల్లీలు, ఆకులతో సహా తినేశాయి. ఖాళీ తీగ చట్రానికి చీఫ్ పేరు, బిరుదులు మాత్రం చెక్కుచెదరకుండా వేలాడుతున్నాయి. చుట్టూ మెత్తటి మట్టిలో గిట్టల గుర్తులు.

ఆంటీ వంగి ఆ గిట్టల గుర్తులు చూశారు.

"తిననీ" అన్నారు. "వాడి చేత్తో ఎవరి కడుపైనా నిండటం ఇదే మొదటిసారి అయ్యుంటుంది."

కూతురు నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూనే ఏడ్చేసింది. మేం కారెక్కేటప్పుడు పైన్ చెట్ల అంచున ఒక జింక నిలబడి మావైపే చూస్తోంది. భయపడలేదు. తీరిగ్గా నములుతోంది, మూతి పక్కన ఎర్రటి రేకొకటి అంటుకుని ఉంది.